భరణి వానయు రాయచూరు రైతును

భరణి కురిసిన ధరణి పండునని మన పెద్దల మాట. ఏప్రిలు కడపటి దినములు మొదలు మే నెల రెండవ వారము వరకు గల కాలమును రైతులు భరణి కార్తె యందురు. ఎండకు నెర్రెలు విచ్చిన నల్లరేగడిపై ఆ దినములలో ఒక మంచి వాన పడినచో నాగలి నేలలోనికి దిగును. కలుపు ముందుగనే మొలచి దుక్కిలో చచ్చును. పశువులకు పచ్చిక కనబడును. మెట్టసేద్యమునకు ఈ మాట నేటికిని సత్యమే. అయితే ఒక నేల సేద్యము మారినప్పుడు ఆ నేలను గూర్చిన సామెత గతి యేమగునో తెలియగోరువారు రాయచూరు జిల్లాకు పోయి చూడవలయును.

ఒక వేసవిలో భరణి కార్తె నడుచుచుండగా మేమొక మిత్రుని భూమి తగవు నిమిత్తము సింధనూరు తాలూకాలోని యొక క్యాంపునకు పోయి రెండు దినములు నిలిచితిమి. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల నుండి వలసపోయిన తెలుగు రైతులు కాలువల వెంట కట్టుకొన్న పల్లెలకు అచ్చట క్యాంపులని పేరు. మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దరైతు కల్లములో కోతయంత్రము దింపిపోయిన వడ్లు పచ్చితేమతో రాశి పడియుండెను. రోడ్డు పొడవునను ఇరుగుపొరుగువారి వడ్లు ఆరుచుండెను. మధ్యాహ్నము రెండు గంటలకు ఆయన చేతిఫోను మ్రోగినది. జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులు, ఈదురుగాలితో వాన పడవచ్చునని హెచ్చరిక. ఆయన దానిని చదివి మా చేతికిచ్చి, "చూడండి వకీలుగారూ, ఒకటి రెండు చోట్ల అంటారు. ఆ ఒకటి మా కల్లమా, ఆ రెండోది అవతలి ఊరా, అది మాత్రం చెప్పరు" అనెను.

అయినను నలుగురు కూలీలను పిలిపించి రాశిపై టార్పాలినులు కప్పించెను. పడమట కారుమబ్బు లేచినది, గాలి దుమ్మురేపినది, కాలువకు ఆవల గంటసేపు మెరుపులు మెరసినవి. మేమున్న చోట చుక్కయైనను రాలలేదు. మరునాడును హెచ్చరిక వచ్చినది, మరల కప్పించిరి, మరల వాన రాలేదు. మూడవ దినమున మేము హైదరాబాదునకు మరలి వచ్చితిమి. ఆ రైతు అడిగిన ప్రశ్న మాత్రము మాతోకూడ వచ్చినది. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మేము వెదకుకొన్న సమాధానము.

రాయచూరు సీమ కృష్ణా తుంగభద్రల నడుమనున్న అంతర్వేది. విజయనగరమునకును బిజాపురమునకును తరతరముల తగవు ఈ నేలను గూర్చియే. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాహును ఇచ్చటనే ఓడించెను. 1956 వరకు ఇది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. పిదప మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. రెండు మహానదుల నడుమ నుండియు ఇది ఎండిన నేలయే. సంవత్సరమంతకు కురియు వాన 600 మిల్లీమీటర్లకు కొంచెము మించును. అందును అధికభాగము జూను మొదలు అక్టోబరు వరకు. కావున జొన్న, కంది, ప్రత్తి పండించు పాతకాపునకు వేసవిలో పడు ప్రతి చినుకును లాభమే. కల్లములో పాడగుటకు అప్పుడతని పంట యేదియు లేదు.

తుంగభద్రానది ఈ లెక్కను మార్చినది. హైదరాబాదు, మదరాసు ప్రభుత్వములు కలిసి 1945లో శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుండి 1953లో కాలువలకు నీరు విడిచిరి. ఎడమగట్టు కాలువ కొప్పళ, రాయచూరు సీమలను తడిపినది. వరి యెరిగిన చేతులు కావలసివచ్చెను. కోస్తానుండి రైతులు వచ్చిరి. ముండ్లకంపలు కొట్టి మడులు కట్టిరి. నీరు చాలిన యేండ్లలో రెండవ పంటయు వేయుదురు. చలికాలమున నాటిన ఆ వరి కోతకు వచ్చునది ఏప్రిలు, మే మాసములందు. ఉరుములవానలకు నెలవైన దినములును అవియే. పైరు గింజ గట్టిపడి వంగియున్నప్పుడు వడగండ్లు పడినచో గింజ మడిలోనే రాలును. కల్లములోని రాశి తడిసినచో రంగు మారి మొలకెత్తును, వర్తకుడు ధర విరుచును. లింగసుగూరు మెట్టరైతునకు వరమైన వాన అదే సాయంకాలము సింధనూరు మాగాణిరైతునకు శాపమగుచున్నది. పూర్వుల సామెత అబద్ధమాడలేదు. ఈ రెండవ పంటను అది యెరుగదు, అంతియే.

ఇక ఈ వానలు పుట్టు విధము. మార్చి మొదలు మే వరకు దక్కను పీఠభూమి పెనమువలె కాగును. రాయచూరులో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఉత్తర వాయవ్యముల నుండి పొడిగాలి వీచుచుండగా, బంగాళాఖాతము మీదుగా ఆగ్నేయము నుండి తేమగాలి లోనాటికి చొచ్చుకొని వచ్చును. ఈ రెండును ఎదురుపడు రేఖ విదర్భ, మరాఠ్వాడల నుండి కర్ణాటకపు లోనాడు మీదుగా దక్షిణమునకు సాగుచుండును. వాతావరణశాఖవారి వేసవి ప్రకటనలలో తరచుగా వినబడు ద్రోణి యిట్టిదే. ఆ రేఖ ఒకచోట నిలువదు. నేడు తూర్పునకు, రేపు పడమటికి జరుగుచుండును. అది యే దినమున ఎచ్చట నున్నదో దానినిబట్టి తేమ రాయచూరు వరకు వచ్చుటయో రాకపోవుటయో తేలును.

తేమ వచ్చినంతమాత్రమున వాన పడదు. నేలకు కొంత ఎత్తున వెచ్చని పొడిగాలి పొరయొకటి కుండపై మూతవలె నుండును. క్రిందిగాలి ఎంత కాగినను ఆ మూతను త్రోయలేకపోయినచో సాయంకాలము వట్టి ఉక్కతోనే ముగియును. త్రోసినచో, అప్పటివరకు అణగియున్న వేడియంతయు ఒక్కసారిగా పైకెగసి అరగంటలో మేఘము 12, 14 కిలోమీటర్ల ఎత్తునకు పెరుగును. పైన నీరు మంచుగడ్డ కట్టును. గడ్డలు ఒకదానినొకటి ఒరసికొనుటచే విద్యుత్తు పుట్టును. నడిమి యెత్తులలోని పొడిగాలిలో చినుకులు ఆవిరియై ఆ గాలిని చల్లబరచగా, బరువెక్కిన ఆ గాలి నేలపై బడి నలుదిక్కులకు విసరును. వానకు ముందు వచ్చు ఈదురుగాలి యిదియే. ఒక్కొక్క మేఘపు ఆయువు గంటకు మించుట అరుదు. కాని దాని చల్లగాలి తగిలి ప్రక్కన మరియొక మేఘము లేచుటయు కలదు.

ఈ శాస్త్రమున తెలుగువారి పాలును కలదు. పంచేటి కోటేశ్వరముగారు 1950వ దశకమున శ్రీనివాసన్‌గారితో కలిసి వంగదేశపు వేసవి గాలివానలను పరిశీలించి, క్రింద గాలులు కూడుటయు పైన గాలులు విడిపోవుటయు ఒకే తావున తటస్థించినప్పుడు ఉరుములవానలు పుట్టుటకు అనుకూలమని చూపిరి. వారే పిదప భారత వాతావరణశాఖకు అధిపతులైరి. ఈ దినమున ఈ సీమలో ఉరుములవానకు అనువున్నదా లేదాయను ప్రశ్నకు ఇట్టి పరిశోధనల వలన నేడు చాలవరకు సరియైన సమాధానము దొరకుచున్నది. ఏ యూరిలో అనునదియే చిక్కు.

పెద్దవానకును ఉరుములవానకును ఇచ్చటనే భేదము. 2009 సెప్టెంబరు కడపటను అక్టోబరు మొదటను ఉత్తర కర్ణాటకమున కుంభవృష్టి కురిసి, తుంగభద్ర పొంగి, మంత్రాలయమును కర్నూలును ముంచిన సంగతి పాఠకులు మరచియుండరు. అట్టి వర్షము వెనుక వందల కిలోమీటర్లు పరచుకొన్న మేఘసమూహముండును. ఉపగ్రహము దానిని వెంబడింపగలదు. వేసవి మేఘమో, ఉదయము పుట్టియే యుండదు. వాతావరణ బెలూనులను దినమునకు రెండుమారులు, తెల్లవారుజామున 5:30కును సాయంకాలము 5:30కును ఎగురవేయుట లోకాచారము. తెల్లవారుజామున హైదరాబాదు మీద కొలిచిన గాలిని బట్టి సాయంకాలము సింధనూరు మీది గాలిని ఊహింపవలసి వచ్చుచున్నది.

గణనయంత్రముల మాట. పూనాలోని ఉష్ణదేశ వాతావరణ సంస్థవారు నిర్మించిన క్రొత్త పద్ధతి 2025 మే నెలలో వాడుకకు వచ్చినది. అది భూమిని 6 కిలోమీటర్ల గడులుగా విభజించి లెక్కించును. అంతకు ముందు గడి 12 కిలోమీటర్లు. గొప్ప అభివృద్ధియే. అయినను మేఘమే ఐదు పది కిలోమీటర్ల వెడల్పున్నప్పుడు ఆరు కిలోమీటర్ల కన్నుల వలలో దాని రూపము చక్కగా చిక్కదు.

రాడారు మాట. హైదరాబాదు రాడారునకు రాయచూరు తిన్నగా 180 కిలోమీటర్ల దూరము. భూమి గుండ్రనిది, రాడారు కిరణము దాదాపు తిన్ననిది. అర డిగ్రీ కోణమున బయలుదేరిన కిరణము రాయచూరు చేరునప్పటికి నేలకు సుమారు మూడున్నర కిలోమీటర్ల ఎత్తున పోవును. కావున మేఘపు తలయు నడుమును కనబడునుగాని, కాళ్ళు కనబడవు. ఈదురుగాలి విసరునది ఆ కాళ్ళ వద్దనే. ఈ సీమను దగ్గరనుండి చూచు రాడారు ఎంతత్వరగా పనిచేసిన అంత మేలని మేము చెప్పుటకు హేతువిది.

ఇప్పుడు రైతు ప్రశ్నకు వత్తము. "ఒకటి రెండు చోట్ల" అను మాట వాతావరణశాఖవారి పరిభాషలో నిర్ణీతమైన అర్థము గలది. ఒక ప్రాంతమందలి వర్షమాన కేంద్రములలో నాలుగవ వంతునకు మించకుండ వాన పడునని దాని భావము. "కొన్ని చోట్ల" అనిన సగము వరకు. "చాల చోట్ల" అనిన ముప్పాతిక వరకు. రాయచూరు జిల్లా విస్తీర్ణము ఎనిమిదివేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఒక్కొక్క మేఘము నూరు చదరపు కిలోమీటర్లు తడుపుననుకొని, ఒకే సాయంకాలము పది మేఘములు లేచిననుకొందము. తడిసినది ఎనిమిదవ వంతు. జిల్లాను గూర్చిన హెచ్చరిక అక్షరాల నిజమైనది. అయినను ప్రతి యెనమండుగురు రైతులలోను ఏడుగురు దానిని అబద్ధమందురు. చెప్పినవాడు తప్పు చెప్పలేదు, విన్నవాడు తప్పు వినలేదు. జిల్లాకు చెప్పినమాట కల్లమునకు చేరునప్పటికి దాని యర్థము మారినది.

న్యాయస్థానములలో మెలగువారికి ఇది క్రొత్త గాదు. సివిలు వ్యాజ్యములో ఏ పక్షము సంభావ్యత అధికమో చూతురు. నేర విచారణలో సందేహమునకు తావులేని రుజువు కోరుదురు. కొలత మారుటకు కారణము పొరపాటు వలని నష్టము మారుటయే. రైతు విషయమునను అంతే. ఉదాహరణకు, రాశిని ఒకమారు కప్పించుటకు కూలి వేయి రూపాయలు, రాశి తడిసిన నష్టము ఇరువదివేలు అనుకొందము. ఎనిమిది మారులు కప్పి, ఏడు మారులు వృథా పోయినను ఖర్చు ఎనిమిదివేలు, దక్కినది ఇరువదివేలు. ఇరువదింట ఒక పాలునకు మించి అవకాశమున్నచో కప్పుటయే లాభము. పంట పూర్తిగా పండక ముందే కోయుటయనినచో నష్టము పెద్దది. దానికి బలమైన హెచ్చరిక కావలయును. ఇక గొర్రెలు కాయువాడు చెట్టుక్రిందినుండి తొలగుటకు ఖర్చేమియు లేదు. తొలగకున్న పోవునది ప్రాణము. మన దేశమున పిడుగుపాటుచే ఏటా రెండువేలమందికి పైగా మరణించుచున్నారు. వారిలో పెక్కురు పొలములందును మేతబీళ్ళలోను పనిచేయువారే. మెరుపు కనబడిన ముప్పది సెకండ్లలోగా ఉరుము వినబడినచో మేఘము పది కిలోమీటర్లలోపల నున్నదని గ్రహించి ఇంట చేరవలయును. కడపటి ఉరుము తరువాత అరగంట వరకు వెలికి రాకూడదు. దీనికి ఏ యంత్రమును అక్కరలేదు.

ఏర్పాటులు లేవని మేమనము. 1988లో క్షామమును కనిపెట్టుటకై పుట్టిన బెంగళూరు కేంద్రము నేడు కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్య పర్యవేక్షణ కేంద్రమై, గ్రామపంచాయతుల వరకు తనంతతాను కబురంపు వర్షమాపకములను నిలిపినది. పిడుగుల సంగతి తెలుపుటకు వారి "సిడిలు", పూనావారి "దామిని" అను ఫోను ఉపకరణములు కలవు. దామిని 20, 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగులను సూచించును. 2008లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము నుండి రైతులకు వాతావరణ సలహాలు వెలువడుచున్నవి. మూడు గంటల ముందు చెప్పు తక్షణ సూచనలును కలవు. లోపమెల్ల ఇన్ని నోళ్ళు చెప్పినదానిని ఒక్క చెవికి అర్థమగునట్లు చేయుటలోనే యున్నది. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటినగాని శాఖవారు "భారీ వర్షము" అనరు. కల్లములోని వడ్లకు పది మిల్లీమీటర్లు చాలును. భారీవాన లేదని విని నిశ్చింతగా నిద్రించిన రైతు రాశి తెల్లవారునప్పటికి తడిసి ముద్దయగుట ఇందువలననే.

వాన వెలిసిన పిదప వచ్చు చిక్కు మా వృత్తికి సంబంధించినది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి పంటల బీమా పథకమున వడగండ్ల నష్టమునకును, కోసి పొలమున ఆరబెట్టిన పంట పదునాలుగు దినములలోగా అకాలవర్షమునకు పాడైన నష్టమునకును, ఆ పంటను ప్రకటించినచోట్ల, పరిహారమున కేర్పాటు కలదు. అయితే 72 గంటలలో తెలియజేయవలయును. వడగల్లు గంటలో కరగును. వర్షమాపకము నీటిని కొలుచునుగాని రాతిని కొలువదు, గాలిని కొలువదు. కావున అప్పటికప్పుడు తేదీ, వేళ తెలియునట్లు ఛాయాచిత్రములు తీసి యుంచుకొనుట మేలు. కౌలుదారుని గతి మరియు కష్టము. 1974లో అమలునకు వచ్చిన భూసంస్కరణల చట్టసవరణ మేరకు కర్ణాటకమున సాగుభూమిని కౌలునకిచ్చుట బహుకొద్ది మినహాయింపులతో నిషిద్ధము. నోటిమాటపై కౌలు చేయువాని చేత కాగితముండదు. కాగితము లేనివానికి బీమా అందుట దుర్లభము. వాన యెవరి పంటపై బడినదో ఊరెల్ల నెరుగును; దస్తరము మాత్రమెరుగదు.

ఇట్లుండగా చేయవలసినవి కొన్ని మాకు తోచుచున్నవి. మొదటిది, హెచ్చరికను రంగులతో మాత్రమే గాక అంకెతో చెప్పవలయును. మీ హోబళిలో ఈ సాయంకాలము వాన పడుటకు ఎనిమిదింట ఒక పాలు అవకాశము కలదనినచో, జూదమునెరిగిన జనులకు ఆ మాట తెలియకపోదు. రెండవది, ఎన్ని హెచ్చరికలు ఫలించినవో, ఎన్ని వృథా పోయినవో ఏటేట తాలూకావారీగా ప్రకటింపవలయును. తన తప్పుల లెక్క తానే చెప్పువాని మాటను లోకము నమ్మును. మూడవది, కన్నడముతోపాటు క్యాంపులలో తెలుగునను హెచ్చరికలు వినిపింపవలయును. ఇది భాషాభిమానపు తగాదా గాదు. పిడుగునకు భాష లేదు. నాలుగవది, మేఘమునకు సరిహద్దు లేదు. తెలంగాణములో మండలముల వరకు యంత్రములున్నవి, అవతల పంచాయతుల వరకు కలవు. సరిహద్దునకు ఈవలి గద్వాల, నారాయణపేటల కొలతలును ఆవలి రాయచూరు కొలతలును నిమిషములలో ఒకే పటముపై చేరినచో ఉభయులకును లాభము. అయిదవది, ఎంత మంచి జోస్యమైనను చాటు లేనివానిని కాపాడలేదు. పంచాయతికొక్కటియైనను కప్పుగల ఆరుగళ్ళము కావలయును.

రాజధానిలోని మన విద్యాధికులలో ఆ క్యాంపులలో బంధువులున్నవారు పెక్కురు. గణనయంత్రముల విద్యనేర్చినవారికి ఈ అంకెలను గ్రామభాషలోనికి దింపు పని అసాధ్యము గాదు; మా వృత్తివారికి బీమా దరఖాస్తు వ్రాసిపెట్టుట అంతకంటె సులభము. ఊరికి ఫోను చేసినప్పుడు క్షేమసమాచారములతోపాటు, కప్పిన టార్పాలిను వృథా కాదను ముక్క యొకటి చెప్పిననుచాలును.

ఆ మాట మేము చెప్పవలసినప్పుడు చెప్పకపోతిమి. మేము హైదరాబాదు చేరిన సాయంకాలమున ఆ పెద్దరైతు ఫోనునకు మూడవ హెచ్చరిక పోయినది. రెండు దినములు వృథాగా కూలి ఇచ్చియుండుటచే ఆయన ఆ దినమున కూలీలను పిలువలేదు. రాత్రి ఎనిమిది గంటలకు కాలువ ఈవలి గట్టుననే వాన పడినది. నలుబది నిమిషములు కురిసి వెలిసినది. మరునాడు ఆయనే ఫోను చేసి, కేసు సంగతి ముందడిగి, పిదప ఈ మాట చెప్పెను. "నిన్న మా ఊరే అండీ ఆ ఒకటి" అనెను. ఆయన గొంతులో కోపము లేదు. అదే వానకు లింగసుగూరు దారిలో తెల్లవారుజాముననే నాగళ్ళు కట్టిరని కూడ ఆయనయే చెప్పెను.